పాత పేరు పెట్టే ముందు

రామచంద్రపురం

చి. ల. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

పాపకి మీ ఆయన నాయనమ్మ పేరు మాణిక్యాంబ పెట్టుకోవాలని ఉందనీ, మీ అమ్మేమో మరీ ముసలి పేరంటోందనీ రాశావు. 21వ రోజున బారసాల అన్నావు కాబట్టి ఇంకా వారం పైనే ఉంది. నన్నడిగితే పెట్టుకో. కాకపోతే పాత పేరు వెనకాల ఒక గుడో, మొక్కో, మనిషో ఉంటారు. వినేవాళ్ళకి ముందు అవే గుర్తొస్తాయి, పాప మొహం తర్వాతే. అవేమిటో తెలుసుకుని పెట్టుకుంటే రేపు ఎవరేమన్నా చెప్పడానికి నీ దగ్గర మాట ఉంటుంది.

మన గోదావరి వైపు పాత ఆడపేర్లలో చాలా వాటికి గుళ్ళే ఆధారం. సత్యవతి అనగానే అన్నవరం గుర్తొస్తుంది, అక్కడి అమ్మవారు అనంతలక్ష్మీ సత్యవతీదేవి. మావుళ్ళు అంటే భీమవరం మావుళ్ళమ్మ. సుబ్బలక్ష్మి, నాగమణి అన్నారంటే సంతానం కోసం సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకున్న ఇల్లని, బిక్కవోలు షష్ఠికో అత్తిలి షష్ఠికో వెళ్ళొచ్చారని పెద్దవాళ్ళు ఇట్టే పోల్చేస్తారు. మీ మాణిక్యాంబ ద్రాక్షారామం భీమేశ్వరుడి పక్కనున్న తల్లి, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకరు. మాణిక్యం అంటే కెంపు. ఇక్కడ ఆ పేరు చెబితే చేతులు జోడించే పెద్దవాళ్ళున్నారు. హైదరాబాదులో పెరిగినవాళ్ళకి మాత్రం ముందు వినిపించేది మాణిక్యం, అది మగవాళ్ళకీ ఉంది. ఫోన్లో పేరు వినేవాళ్ళు అబ్బాయా అమ్మాయా అని తడబడతారు. చివరనున్న అంబ ఆ అనుమానం తీరుస్తుంది, అందుకని రికార్డులో దాన్ని తీసెయ్యకు.

పిచ్చమ్మ, పుల్లమ్మ, పెంటమ్మ లాంటి పేర్లు వేరే రకం. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్ళలో, మళ్ళీ పుట్టిన బిడ్డని ఎంగిలి విస్తళ్ళ మీదో పెంటకుప్ప మీదో దొర్లించి, మృత్యువు కన్ను పడకూడదని పెట్టుకున్న పేర్లవి. అందులో ఉన్నంత ప్రేమ ఇంకే పేరులోనూ లేదు. అయినా బళ్ళో పిల్లలకి అదేం తెలుస్తుంది! మీ ఇంట్లో అలాంటి పేరు ఉంటే బారసాలనాడు బియ్యంలో రాసుకోండి, కాగితాల మీదకి తేవద్దు.

మనిషి వల్ల మారిపోయిన పేరు సూర్యకాంతం. సూర్యకాంతమంటే ఎండ తగలగానే నిప్పు పుట్టిస్తుందని చెప్పే రాయి. ఎంత వెలుగున్న పేరో చూడు. కాకినాడ దగ్గర 1924లో పుట్టిన నటి సూర్యకాంతం గారు గయ్యాళి అత్త వేషాల్ని అంత బాగా చేశారు కాబట్టే ఆడపిల్లకి ఆ పేరు పెట్టడానికి జనం వెనకాడారు. 1962లో వచ్చిన గుండమ్మ కథ ఇప్పటికీ టీవీలో వస్తూనే ఉంటుంది కదా. నటన గొప్పదైతే శిక్ష పేరుకి పడింది, నాకది ఎప్పుడూ బాధే. ఇంకో పదేళ్ళకైనా ఎవరో ఒకరు ధైర్యం చేసి పెట్టుకుంటే బాగుండును. సీతమ్మ పేరుకి దీనికి పూర్తిగా ఎదురు జరిగింది. లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారు 1909లో పోయినా, కోనసీమలో ఆ పేరు చెబితే ఈనాటికీ వండి వడ్డించే చెయ్యే గుర్తొస్తుంది.

ఇంకొకటి, మీ ఆయన నాయనమ్మ గారి పేరు నిజంగా మాణిక్యాంబేనా? ఆ కాలంలో కోడలు కాపురానికి రాగానే అత్తారింటివాళ్ళు పేరు మార్చేవారు. వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారిది పుట్టింటి పేరు బాపమ్మ. మీ ఆయన నాయనమ్మ గారి పుట్టింటివైపు ఎవరైనా ఉంటే అడుగు. పాత పొలం దస్తావేజు, పాస్ పుస్తకం, రేషన్ కార్డు ఉంటే తీసి చూడు. ఒకదాంట్లో మాణిక్యమ్మ, ఒకదాంట్లో మాణిక్యాంబ ఉంటే కంగారు పడకు, అమ్మ అన్నా అంబ అన్నా ఒకటే. అసలు పేరే వేరైతే మాత్రం ఇంట్లో అందరూ కూర్చుని ఏది కావాలో ముందే తేల్చుకోండి. బారసాల పీటల మీద ఆ చర్చ వద్దు.

ఇప్పుడు పిలుపు సంగతి. పాత పేర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అత్తగారి పేరు, పై అత్తగారి పేరు కోడలి నోట రాకూడదని మన ఇళ్ళలో పట్టింపు. పసిదాన్ని కసరాలన్నా ఆ పేరుతో కసరలేరు. దాంతో బుల్లి, చిట్టి, అమ్మడు, పాపాయి అని ఏదో ఒకటి నోటికొస్తుంది. ఆర్నెల్లు తిరిగేసరికి అదే ఖాయమై, పెట్టిన పేరు కాగితం మీదే మిగులుతుంది. అందుకని ముద్దుపేరు నువ్వే ఆ పేరులోంచి తీసి, ఉయ్యాల్లో వేసిన రోజు నుంచే పిలవడం మొదలుపెట్టు. మణి అంటే వీధికి నలుగురున్నారు. అంబ అని విడిగా పిలిస్తే బళ్ళో దూడలా అరుస్తూ ఏడిపిస్తారు. మాణిక్య బాగుంటుంది. శక్తిపీఠాల స్తోత్రంలో అమ్మవారిని ‘మాణిక్యా’ అనే పిలిచారు, కాబట్టి పేరు కత్తిరించామన్న దిగులు పెట్టుకోనక్కర్లేదు. అరుగు మీద నిలబడి కాలువ రేవు దాకా వినపడేట్టు మూడుసార్లు పిలిచి చూడు. ‘మాణిక్యా’లో చివరి దీర్ఘం గొంతుకి ఆనుతుంది, దూరం వెళ్తుంది. అదే సూర్యకాంతం, రత్నం లాంటి పేర్లయితే చివర సున్నా దగ్గర నోరు మూసుకుపోతుంది, కేక సాగదు.

కాగితాల విషయంలో తొందరపడకు, అలాగని బద్ధకించకు. పుట్టుక నమోదు 21 రోజుల్లోపు జరగాలి, దానికి పేరు లేకపోయినా ఫర్వాలేదు. పేరు ఎక్కించడానికి 12 నెలల దాకా రుసుము లేదు. ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ వరకు వీలుంటుంది. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకి బడిలో చేరడం దగ్గర్నుంచి జనన ధృవపత్రమే ఆధారం కాబట్టి అందులో ఏది పడితే అదే వెంట వస్తుంది. పేరు నోటితో చెప్పొద్దు. తెలుగులోను, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోను తెల్లకాగితం మీద రాసి ఇవ్వు. ‘ణ’ బదులు ‘న’ పడడం, క కింద య వత్తు ఎగిరిపోవడం, ఇంగ్లీషులో బి ముందు ఎం బదులు ఎన్ పడడం, ఈ మూడూ వేలు పెట్టి చూసుకున్నాకే సంతకం పెట్టండి. ఆధార్‌కీ అదే కాగితం తీసుకెళ్ళు.

మీవైపు పేరు ముందు వీర వెంకట సత్య అని తగిలించే అలవాటుంది కదా, రికార్డులో వద్దని మీవాళ్ళకి గట్టిగా చెప్పు. ఒక చోట పూర్తిగా, ఒక చోట పొడి అక్షరాలుగా పడి, పాస్‌పోర్టు నాటికి ఒకే పిల్ల ముగ్గురవుతుంది. ఇంటిపేరు, మాణిక్యాంబ, అంతే. మొక్కు పేర్లన్నిటికీ బియ్యంలో చోటుంది. నామకరణంలో నక్షత్రం పేరు, మాసం పేరు, దేవత పేరు, పిలిచే పేరు అని ఎలాగూ విడివిడిగా ఉంటాయి. పాపది మఘ మొదటి పాదమైతే అక్షరం ‘మా’, మీ పేరు దానికీ సరిపోతుంది. వేరే పాదమైతే ఆ అక్షరంతో నక్షత్రం పేరు బియ్యంలో రాసి, దీన్ని పిలిచే పేరుగా ఉంచుకోండి.

పళ్ళెం పెద్దది తీసుకోండి. నాలుగక్షరాలే అయినా క్య కింద వత్తుకి చోటు కావాలి. బియ్యం వేలు మందాన చదునుగా పరవండి. పలచగా పోస్తే ఉంగరం ఇత్తడిని గీరుతుంది, గుట్టగా పోస్తే రాసిన గాడి వెంటనే పూడిపోతుంది. మీ ఆయన్ని ముందురోజే ఒకసారి రాసి చూసుకోమను. ‘ణి’ గుడి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాలామంది చెయ్యి అక్కడే ఆగిపోతుంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ