యాసంగి నారుకు ఇంటి 1010 వడ్లు పనికొస్తాయా, కొత్త బస్తా కొనాలా?

వానాకాలంలో కోసిన 1010 (ఎంటీయూ 1010 అనే వరి రకం) వడ్లు ఉన్నాయని, కొన్ని తడి గుడ్డలో కట్టి చూస్తే సగం కూడా మొలవలేదని, విత్తనం చచ్చిపోయినట్టేనా అని అడిగారు. తొందరపడి వాటిని మిల్లుకు తోలకండి. కోసిన కొత్తలో 1010 గింజకు నిద్రావస్థ ఉంటుంది, అంటే గింజ బతికే ఉంటుంది కానీ మొలవదు. నవంబరులో కోసి వెంటనే నారు పోసే మన యాసంగిలో ఈ తిప్పలు ఎక్కువ.

చచ్చిందా, నిద్రలో ఉందా అన్నది చేత్తోనే తెలుస్తుంది. వారం పాటు తడిలో ఉండి మొలవని గింజల్ని తీసి బొటనవేలి గోరుతో నొక్కండి. చచ్చిన గింజ మెత్తగా చితికి పాలలాంటి చీము కారుతుంది, పుల్లటి వాసన వస్తుంది, పైన బూజు కూడా పట్టి ఉంటుంది. నిద్రలో ఉన్నది నానినా గట్టిగానే ఉంటుంది, లోపల తెల్లగా శుభ్రంగా కనిపిస్తుంది. మీవి ఎక్కువ శాతం గట్టిగా ఉంటే భయం లేదు. వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పే పద్ధతి ఏమిటంటే, నిద్రావస్థ తక్కువ ఉంటే లీటరు నీటికి 6.3 మి.లీ., ఎక్కువ ఉంటే 10 మి.లీ. గాఢ నత్రికామ్లం (నైట్రిక్ యాసిడ్) కలిపి, లీటరుకు కిలో లెక్కన వడ్లను 24 గంటలు నానబెట్టి, బాగా కడిగి మండె కట్టడం, అంటే తడి వడ్లను మొలకెత్తడానికి గోనెలో కప్పి ఉంచడం. ప్లాస్టిక్ డ్రమ్ములోనే కలపండి, నీళ్లలో యాసిడ్ పోయాలి తప్ప యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు, చేతులకు గ్లౌజులు ఉండాలి, పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి. నారుకు ఇంకా టైం ఉంటే ఈ గొడవంతా లేకుండా కొన్ని వారాలు ఆగినా నిద్ర దానంతటదే వదులుతుంది.

ఇక నిద్ర వదిలాక మొలక పరీక్ష సరిగా చేయాలి. చాలామంది పైబస్తాలోంచి గుప్పెడు తీసి, అందులోనూ నిండు గింజలే ఏరి వేస్తారు, అలా చేస్తే ఏ విత్తనమైనా బాగానే కనిపిస్తుంది. అన్ని బస్తాల్లో పైన, మధ్యన, అడుగున తలా కొంచెం తీసి కలిపి, ఏరకుండా నాలుగు వందలు లెక్కపెట్టి, వందేసి చొప్పున నాలుగు తడి గోనె ముక్కల్లో వరసగా పరిచి చుట్టండి. చలికాలం కాబట్టి ఇంట్లో వెచ్చగా ఉన్న చోట పెట్టి, ఆరకుండా నీళ్లు చల్లుతూ ఉండాలి. వేరు, మొలక రెండూ వచ్చినవే లెక్క, ఒక్క వేరే వచ్చి ఆగిపోయింది మొలిచినట్టు కాదు. ప్రభుత్వ ప్రమాణం 80 శాతం. ఎకరానికి 25 కిలోలు పోసేవాళ్లు మొలక 70 వస్తే 28, 29 కిలోలు పోస్తే సరిపోతుంది. 60 లోపు వస్తే మాత్రం నేనైతే ఆ విత్తనం ముట్టను, ఎందుకంటే మొలిచినవి కూడా బలహీనంగా ఉండి చలికి నారు ఎర్రబడి ఎదగదు.

దాచే వడ్లలో తేమ 13 శాతం దాటకూడదు. తేమ కొలిచే మిషన్ లేకపోతే గింజ కొరికి చూడండి, టక్కున విరగాలి, నలిగితే ఇంకో రెండెండలు పెట్టాలి. తాలు (గింజ నిండని వడ్లు) తీయడానికి ఉప్పు నీళ్లు బాగా పనిచేస్తాయి: కోడిగుడ్డు తేలేదాకా ఉప్పు కలిపి వడ్లు పోసి, తేలినవి తీసేసి, మునిగినవి రెండు మూడు నీళ్లు మార్చి కడగాలి. కడగకపోతే ఉప్పు మొలకను దెబ్బతీస్తుంది.

అయితే మొలక వంద శాతం వచ్చినా అది 1010 అని గ్యారంటీ లేదు, అసలు నష్టం ఇక్కడే జరుగుతుంది. మా పక్క పొలంలో ఒకసారి దుకాణంలో కొన్న బస్తాలు చక్కగా మొలిచి, ఈనిక టైంకి ఒకే మడిలో మూడు ఎత్తులు కనిపించాయి, కొన్ని కంకులు పండి రాలుతుంటే మిగతావి పాల మీదే ఉన్నాయి. పిడికెడు వడ్లు తెల్ల గుడ్డ మీద పరిచి పొట్టి గింజలు, మీసాలున్నవి ఏరండి, కొన్ని పొట్టు ఒలిచి లోపల ఎర్ర బియ్యం ఉందేమో చూడండి. కోతకు ముందు మీ పొలంలో బెరుకులు (మధ్యలో మొలిచిన వేరే రకం మొక్కలు) పీకారా, హార్వెస్టర్ అంతకుముందు ఎవరి ఏ రకం కోసి వచ్చింది అన్నది కూడా గుర్తు చేసుకోండి, ఎందుకంటే మిషన్‌లో మిగిలిన గింజలు ఎక్కువగా మొదటి ట్యాంకులో కలుస్తాయి. విత్తనానికి ఎప్పుడూ ఆ తర్వాతి ట్యాంకు వడ్లే పక్కన పెట్టుకోవాలి.

కొనేట్టయితే నీలం ట్యాగు ఉంటే ధ్రువీకరించిన విత్తనం, ఆకుపచ్చ ట్యాగు అయితే కంపెనీ తనంతట తాను చెప్పుకున్న నాణ్యత మాత్రమే. పరీక్ష తేదీ, లాట్ నంబరు చూసి, బిల్లులో అదే లాట్ నంబరు రాయించుకోండి. ఖాళీ సంచి, ట్యాగు, అర కిలో విత్తనం కోత దాకా దాచండి, అవి లేకుండా మండల వ్యవసాయ అధికారి దగ్గరికి వెళ్తే ఫిర్యాదుకు బలం ఉండదు.

మీ విషయంలో నా మాట: గోరు పరీక్షలో గట్టి గింజలే ఎక్కువగా ఉండి, నిద్ర వదిలాక మొలక సరిపడా వచ్చి, గుడ్డ మీద వేరే రకం కనిపించకపోతే ఇంటి వడ్లే పోయండి. హైబ్రిడ్ అయితే ఈ సలహా వర్తించదు, దానికి ప్రతిసారీ కొత్త విత్తనమే కొనాలి.