కొండ దిగువన రెండు రాత్రులు: సీప్యాప్‌కు ఎంత బ్యాటరీ కావాలి?

ప్రశ్న: మా మావయ్యగారి వయసు 68 సంవత్సరాలు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు, అంటే స్లీప్ ఆప్నియా, ఉన్నందున మూడేళ్లుగా రోజూ మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ మెషీన్ పెట్టుకునే పడుకుంటున్నారు. డాక్టరుగారు ఒత్తిడిని 10 దగ్గర పెట్టారు. సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో కలిసి కోరాపుట్ జిల్లాలోని దేవమాలి కొండ దిగువన రెండు రాత్రులు గడపాలనుకుంటున్నాం. జీపు వెనుక తగిలించే, పైకప్పు ఉన్న ట్రైలర్‌లో ఆయనకు పడక వేస్తాం. అక్కడ కరెంటు ఉండదు. నిరుడు ఒకసారి జీపు బ్యాటరీకే ఇన్వర్టర్ తగిలించి మెషీన్ నడిపితే, తెల్లవారేసరికి బండి సెల్ఫ్ అందుకోలేదు. ఊరివాళ్లు తోస్తే కదిలింది. మెషీన్ అడాప్టర్ మీద 24 వోల్టులు, 3.75 ఆంపియర్లు అని రాసి ఉంది. ఆ లెక్కన 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీలు రెండు కావాలని షాపులో చెప్పారు. ఇంటి ఇన్వర్టర్‌కు ఉన్నదాన్ని విప్పి, ఇంకొకటి కొనమంటారా? ‘నా కోసం ఇంత హైరానా ఎందుకు, మీరు వెళ్లి రండి’ అంటున్నారాయన. ఆయన్ను వదిలి వెళ్లడం మాకెవరికీ ఇష్టం లేదు.
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, ఆయన్ను తప్పకుండా తీసుకువెళ్లండి. రెండు ట్యూబులర్ బ్యాటరీలు అక్కరలేదు. ఒక చేత్తో ఎత్తగలిగిన బ్యాటరీ ఒక్కటి చాలు.

షాపువారు గుణించడంలో పొరపడలేదు. మొదట తీసుకున్న అంకె దగ్గరే పొరపాటు జరిగింది. 24ను 3.75తో గుణిస్తే 90 వాట్లు వస్తుంది, దాన్ని రాత్రికి 8 గంటల చొప్పున రెండు రాత్రులకు లెక్కిస్తే 1,440 వాట్ అవర్లు అవుతుంది. అయితే ఆ 90 వాట్లు అడాప్టర్ మహా అయితే ఇవ్వగలిగినంతే తప్ప మెషీన్ రాత్రంతా లాగేది కాదు. 10 ఒత్తిడి అంటే పది సెంటీమీటర్ల నీటి ఎత్తు. గ్లాసులో పది సెంటీమీటర్ల లోతుకు స్ట్రా ముంచి బుడగలు రప్పించడానికి ఎంత ఊదాలో అంత. ఈ చికిత్సను 1981లో లోకానికి తెలియజేసిన ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివన్ తొలిరోజుల్లో వాక్యూమ్ క్లీనర్ మోటారు వాడవలసి వచ్చింది గాని, ఇప్పటి మెషీన్‌లో ఆ పని చేసేది అరచేతిలో పట్టే చిన్న ఫ్యాను మాత్రమే. కరెంటును నిజంగా తాగేది గాలికి తేమ కలిపే హ్యూమిడిఫయర్, దానితోపాటు గొట్టాన్ని వెచ్చగా ఉంచే తీగ.

మా నాన్నగారి మెషీన్ కూడా 10 ఒత్తిడి మీదే నడుస్తుంది. గోడ ప్లగ్గుకూ అడాప్టర్‌కూ మధ్య పెట్టే చిన్న వాట్‌మీటర్‌తో రెండు రాత్రులు కొలిచి చూశాను. హ్యూమిడిఫయర్, వేడి గొట్టం మధ్యస్థంగా పెట్టిన రాత్రి 8 గంటలకు 0.28 యూనిట్ కాలింది. రెండూ ఆపిన రాత్రి 0.08 యూనిట్ కాలింది. మెషీన్‌ను బట్టి, మాస్కు ఎంత బిగువుగా కూర్చుంటుందన్న దాన్ని బట్టి మీ అంకెలు వేరుగా ఉండవచ్చు, ముఖ్యంగా మాస్కు దగ్గర గాలి కారితే ఫ్యాను ఇంకా గట్టిగా తిరుగుతుంది. అందుకే బ్యాటరీ కొనక ముందే ఆ మీటరు కొని మీ ఇంట్లోనే కొలవండి.

నా అంకెతోనే లెక్క చూపిస్తాను. ఒక యూనిట్ అంటే 1,000 వాట్ అవర్లు కనుక, హ్యూమిడిఫయర్, వేడి గొట్టం ఆపితే రాత్రికి 80 వాట్ అవర్లు, రెండు రాత్రులకు 160. మార్పిడిలో పోయేది కలిపితే 200. చలి, గాలి కారడం, ఒక గంట అదనపు నిద్ర, వీటికోసం ఇంకో సగం కలుపుకొని 300 అనుకుందాం. 12.8 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 50 ఏహెచ్‌ది అయితే అందులో 640 వాట్ అవర్లు ఉంటాయి, ఎనభై శాతం వాడుకున్నా 500 దాటుతుంది. బరువు ఆరేడు కిలోలు. మీ ఇంట్లోని ట్యూబులర్ 50 కిలోలు దాటుతుంది, పైగా దాని సామర్థ్యంలో సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గుతుంది, కొండదారి కుదుపులకు ఆసిడ్ చిమ్మవచ్చు, చార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వదులుతుంది. మనిషి పడుకునే మూసిన ట్రైలర్‌లో దాన్ని ఉంచడానికి నేను ఒప్పుకోను. పవర్ బ్యాంకు కొందామనిపిస్తే మాత్రం పెట్టె మీద కనిపించే పెద్ద ఎంఏహెచ్ అంకెను పట్టించుకోకుండా వాట్ అవర్లు ఎన్నో చూడండి: 50,000 ఎంఏహెచ్ అని రాసినా, లోపలి సెల్లు 3.7 వోల్టులది కనుక అందులో ఉండేది 185 వాట్ అవర్లే.

ఇక ఇన్వర్టర్ సంగతి. బ్యాటరీలోని 12 వోల్టులను 230కి పెంచి, అడాప్టర్‌లో మళ్లీ 24కు దించడం చుట్టుతిరుగుడు ప్రయాణం. ఇన్వర్టర్ దానికి ఏదీ తగిలించకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా పది వాట్ల దాకా తినగలదు, అంటే ఆయన మెషీన్ తినేటంత అదీ తింటుంది. నిరుడు జీపు బ్యాటరీ అడుగంటడంలో దాని వాటా చిన్నది కాదు. మెషీన్ తయారీదారే అమ్మే డీసీ కన్వర్టర్ తీసుకుంటే అది 12 వోల్టులను నేరుగా 24 చేసి ఇస్తుంది. ధర కొంచెం ఎక్కువగా అనిపించినా, ప్లస్సు మైనస్సు తారుమారై మెషీన్ పాడయ్యే ప్రమాదం అందులో ఉండదు. మీ మోడల్ పేరు చెప్పి దానికి సరిపోయేదే అడగండి. కన్వర్టర్ దొరకకపోతే, గోడ ప్లగ్గులో వచ్చే కరెంటులాంటిదే ఇచ్చే ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్ చిన్నది తీసుకుని, బ్యాటరీ లెక్కను రెట్టింపు చేసుకోండి.

జీపు బ్యాటరీని రాత్రిపూట ముట్టుకోకండి. అది ఇంజన్‌కు సెల్ఫ్ కొట్టడానికి ఒక్క ఊపున శక్తి ఇచ్చేందుకు తయారైనది, గంటల తరబడి నిదానంగా కారడానికి కాదు. కావాలంటే గుణుపురం, రాయగడ మీదుగా బండి నడుస్తున్నంతసేపూ డీసీ-డీసీ చార్జర్ ద్వారా మీ కొత్త బ్యాటరీని నింపుకోవచ్చు. బ్యాటరీ ప్లస్సు కొనకు జానెడు దూరంలోనే 10 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. తీగ 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది వేయించండి, సన్నటి తీగలో వోల్టేజి దారిలోనే పడిపోయి మెషీన్ నడిరాత్రి ఆగిపోతుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌ను నమ్ముకుంటే మరొక చిక్కుంది. కుదుపులకు ఆ ప్లగ్గు ఒక గింజంత వెనక్కి జరుగుతుంది, పైకి బాగానే కనిపిస్తూ లోపల వేడెక్కుతుంది. రాత్రి పడుకునే ముందు దాన్ని వేలితో తాకి చూడండి.

హ్యూమిడిఫయర్ ఆపితే ముక్కు ఎండిపోతుందని ఆయన అనవచ్చు. నీటి డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ పోసి వేడి మాత్రం ఆపి ఉంచితే, గాలి నీటిమీదుగా వెళ్తూ కొంత తేమ తీసుకుంటుంది. పడుకునే ముందు సెలైన్ ముక్కు చుక్కలు వేసుకోవచ్చు. నిజానికి జనవరి చలిలో హ్యూమిడిఫయర్ వేడి చేసిన గాలి చల్లటి గొట్టంలో నీరై, తెల్లవారుజామున మాస్కులో గుడగుడమని ముఖం తడిపేస్తుంది. గొట్టాన్ని దుప్పటి కింద నుంచి తెచ్చుకుంటే ఆ బాధ తగ్గుతుంది. ప్రయాణానికి ముందు డబ్బాలో చుక్క నీరు లేకుండా వంపేయండి. కుదుపులో ఆ నీరు మోటారులోకి వెళ్తే మెషీన్ పాడవుతుంది.

దేవమాలి శిఖరం ఎత్తు 1,672 మీటర్లు. ఇప్పటి మెషీన్లు ఆ ఎత్తుకు తమంతట తామే సర్దుకుంటాయి, మీరుండేది ఇంకా దిగువనే కనుక దాని గురించి దిగులు వద్దు. చలి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. చాలా మెషీన్లు 5 డిగ్రీలకు పైన వాడేందుకు తయారైనవి. లిథియం బ్యాటరీ చలిలో కరెంటు ఇస్తుంది గాని, సున్నా డిగ్రీల దగ్గర దాన్ని చార్జి చేయకూడదు, ఎండ వచ్చాకే చార్జింగ్ పెట్టండి.

చలి వేస్తోందని ట్రైలర్ లోపల బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి, పక్కన జనరేటర్ నడపకండి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, మెషీన్ చుట్టూ ఉన్న గాలినే లాగి ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది తప్ప దాని ఫిల్టరు ఆ విషవాయువును ఆపలేదు. దయచేసి ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. కంబళ్లు రెండు ఎక్కువ తీసుకెళ్లండి, గాలి ఆడడానికి కిటికీ వేలెడంత తెరిచి ఉంచండి.

ఇన్ని చేసినా మెషీన్ ఆగిపోతే ఏం చేయాలో ఆయన పక్కన పడుకునేవారికి తెలిసి ఉండాలి. వెంటనే మాస్కు తీసేయాలి, తల ఎత్తుగా పెట్టి పక్కకు తిరిగి పడుకోబెట్టాలి. ఆ రెండు రాత్రులూ నిద్రమాత్రలు, మద్యం దగ్గరికి రానీయకూడదు. నిద్ర చాలని మర్నాడు ఆయన చేతికి స్టీరింగ్ ఇవ్వకూడదు. ఆయన వాడేది బైప్యాప్ (ఊపిరి పీల్చేటప్పుడు ఒక ఒత్తిడి, వదిలేటప్పుడు మరో ఒత్తిడి ఇచ్చే మెషీన్) అయినా, ఊపిరితిత్తుల జబ్బు లేదా గుండె జబ్బు మరేదైనా ఉన్నా, బయలుదేరే ముందు డాక్టరుగారిని అడిగి తీరాలి.

బయలుదేరడానికి వారం ముందు పర్లాకిమిడిలోనే ఒక రాత్రి గోడ ప్లగ్గు తీసేసి, ఆ బ్యాటరీ, ఆ తీగలు, ఆ కన్వర్టర్‌తోనే ఆయన్ను పడుకోబెట్టండి. తెల్లవారాక వోల్టేజి చూసి తృప్తి పడకండి, లిథియం బ్యాటరీ దాదాపు ఖాళీ అయ్యేవరకు 13 వోల్టుల దగ్గరే నిలిచి మనల్ని మోసగిస్తుంది. ఎన్ని వాట్ అవర్లు పోయాయో చూపే డీసీ మీటరు మధ్యలో పెట్టి ఆ అంకె రాసుకోండి. దాన్ని రెండుతో గుణించి, సగం కలిపినా బ్యాటరీలో ఇంకా మిగులుతుందంటే నిశ్చింతగా బయలుదేరవచ్చు.

తిరిగి వచ్చాక ఆ బ్యాటరీని సగం చార్జితో పొడిచోట ఉంచి, మూడు నెలలకోసారి చూసుకోండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ జిల్లా ఎంత చీకట్లో గడిపిందో మీకు తెలుసు. ఏటా సెప్టెంబరు చివరికల్లా దాన్ని నిండుగా చార్జి చేసి, కన్వర్టర్‌తో సహా మావయ్యగారి మంచం పక్కనే పెట్టండి.