తాంబూలాలు ఆపండి, స్కాన్ సంగతి తర్వాత

గుంటూరు దగ్గరి ఊరి నుంచి ఒక తండ్రి రాశారు. కూతురికి 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. ఏడాదిలో 56 కిలోల నుంచి 39కి దిగింది. నాలుగు నెలలుగా నెలసరి లేదు. మండుటెండల్లో కూడా ఫ్యాను వద్దంటుంది. రోజంతా వంటల వీడియోలు చూస్తుంది, ఇంటిల్లిపాదికీ కొసరి కొసరి వడ్డిస్తుంది, తను మాత్రం రెండు ముద్దలు కెలికి లేచిపోతుంది. వంటింటి గుమ్మం దాటేటప్పుడు ఒళ్లు ముడుచుకుని పక్కకు తిరిగి వెళ్తుందట. ‘ఎందుకే ఆ వేషాలు’ అంటే ఏడుస్తుందట. ఇలాంటివాళ్ల మెదడులో భాగాల మధ్య సంబంధాలు దెబ్బతింటాయని ఎక్కడో చదివి, ‘ఎంఆర్‌ఐ తీయిస్తే ఏ నరంలో లోపమో తేలుతుందా? ఖర్చుకు వెనకాడను’ అని అడుగుతున్నారు. ఉత్తరం చివర మరో సంగతి: తన అక్కగారి అబ్బాయికి ఈ అమ్మాయిని ఇచ్చేందుకు శ్రావణంలో తాంబూలాలు అనుకున్నారు.

అయ్యా, ఆ పని కోసం స్కాన్ వద్దు. డాక్టరు వేరే అనుమానంతో రాస్తే తీయించండి, అది వేరే మాట. మీరు చదివింది అబద్ధం కాదు. మెదడు వెనక భాగంలో మనిషి ఒంటిని గుర్తుపట్టే ప్రాంతాలు ఉన్నాయి. జర్మనీలోని బోఖుమ్ పరిశోధకులు అనొరెక్సియా (లావైపోతామన్న భయంతో తిండి మానేసే జబ్బు, మీ అమ్మాయి లక్షణాలు దానివే) ఉన్న స్త్రీలలో అలాంటి రెండు ప్రాంతాల మధ్య సంబంధం బలహీనంగా ఉందనీ, తమ ఒంటి కొలతను తప్పుగా అంచనా వేయడానికీ దానికీ పొంతన కుదిరిందనీ 2013లో రాశారు. అయితే అది కొద్దిమందిని ఒకచోట చేర్చి తీసిన సగటు. మీ అమ్మాయి ఒక్కదాని స్కాన్ చూసి ఎవరూ ‘ఇదిగో ఇక్కడ’ అని వేలు పెట్టి చూపించలేరు. పైగా పస్తులుంటే మెదడే కుంచించుకుపోతుంది, బరువు తిరిగొస్తే చాలావరకు కోలుకుంటుంది. అందువల్ల ఏది కారణమో, ఏది ఆకలి చేసిన నష్టమో స్కాన్‌లో విడదీయడం కష్టం.

మీరు వేషం అనుకున్న ఆ గుమ్మం సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ పరిశోధకులు సరిగ్గా దీన్నే పరీక్షించారు. దేన్ని గమనిస్తున్నారో చెప్పకుండా, రకరకాల వెడల్పుల సందుల్లోంచి మనుషుల్ని నడిపించారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, సందు భుజాల కంటే సగటున 25 శాతం మాత్రమే వెడల్పుండేంత ఇరుకయ్యాకే పక్కకు తిరగడం మొదలుపెట్టారు. అనొరెక్సియా ఉన్నవాళ్లు 40 శాతం వెడల్పున్నా పక్కకు తిరిగారు. అంటే లావన్న భావన అద్దం ముందు పుట్టే ఆలోచనతో ఆగదు, నడకలోకీ దిగుతుంది. మీ పిల్ల నటించడం లేదు. ఆ గుమ్మం తనకు నిజంగానే పట్టదని ఆమె ఒళ్లే ఆమెకు చెబుతోంది. ‘నీకేం, పుల్లలా ఉన్నావు’ అని మీరు వందసార్లు చెప్పినా ఎక్కకపోవడానికి కారణం అదే.

వంటల వీడియోలూ అంతే. అమెరికాలోని మిన్నెసోటాలో 1944-45లో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు అర్ధాకలి తిండి పెట్టి చూశారు. వాళ్లూ వంటల పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు, చలికి వణికారు, చీటికీమాటికీ చిరాకుపడ్డారు. అదంతా ఆకలి చేయించే పని.

ఇక మీ అక్కగారు. ‘మావాడి పక్కన రోలు నిలబెట్టినట్టుంటుంది’ అని ఆవిడ అన్నారనీ, మీరు నవ్వి ఊరుకున్నారనీ, పిల్ల తిండి తగ్గించింది ఆ తర్వాతేననీ మీరే రాశారు. వెంటనే ‘అక్క మనసులో ఏమీ ఉండదు, అమ్మ పోయాక నన్ను చదివించింది ఆవిడే’ అని కూడా రాశారు. నమ్ముతున్నాను. ఆ ఒక్క మాటే జబ్బు తెచ్చిందని కూడా అనను. వంశపారంపర్యం, స్వభావం, వయసు, మొదట పట్టిన డైటింగ్, ఇవన్నీ కలిస్తేనే ఇంతదాకా వస్తుంది. కానీ ఆ మాట తప్పని ఇంట్లో ఒక్కరైనా అన్నారా? అక్క రుణం మీది. మీరు తీర్చుకోండి, ఆవిడ ముసలితనంలో నెత్తిన పెట్టుకుని చూసుకోండి. ఆ బాకీ కింద మీ పిల్ల ఒంటిని జమ కట్టడానికి మీకు హక్కు లేదు. మేనత్త అయినా సరే, ఎదిగిన పిల్ల ఒంటి గురించి నలుగురిలో మాట విసిరితే అడ్డుపడాల్సింది తండ్రే. ఇంత పొడుగు ఉత్తరంలో మీ ఆవిడ మాట ఒక్కటీ కనిపించలేదు. ఈ సంబంధం ఆవిడకు ఇష్టమో కాదో ఎప్పుడైనా అడిగారా?

చేయాల్సింది ఈ వారమే చేయండి. ముందు ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. బీపీ, నాడి, ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ చూడమనండి. ఈ జబ్బు గుండెను ఆపేయగలదు. మానసిక జబ్బుల్లో ప్రాణాలు ఎక్కువగా తీసే వాటిలో ఇదొకటి. భయపడి ఒక్కసారిగా బలవంతంగా తినిపించకండి. చాలాకాలం పస్తున్న ఒంట్లోకి ఒకేసారి ఎక్కువ తిండి పడితే ఫాస్ఫేట్ పడిపోయి ప్రమాదం ముంచుకొస్తుంది. ఎంత, ఎప్పుడు పెంచాలో డాక్టరే చెప్పాలి. తర్వాత సైకియాట్రిస్ట్. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది, తెలుగులోనే మాట్లాడతారు.

లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో మొదలైన ఒక పద్ధతిలో పూటపూటా తినిపించే బాధ్యత తల్లిదండ్రులదే. ఎదిగే వయసు పిల్లల్లో బాగా పనిచేసిన పద్ధతి. 19 ఏళ్ల పిల్లకు దాన్ని ఎలా మలచాలో డాక్టరు చూసుకుంటారు. పద్ధతి ఏదైనా, భోజనానికి మీరిద్దరూ ఆమె పక్కన కూర్చోండి. ఒక్క మీ ఆవిడ మీదే వదిలేయకండి. కేలరీల మాట, బరువు మాట ఎత్తొద్దు. కాస్త కోలుకున్నాక ‘ఒళ్లు చేశావు, కళగా ఉన్నావు’ అని చుట్టాలు అంటారు. అది ఆమె చెవిలో ‘లావయ్యావు’ అనే పడుతుంది. వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

శ్రావణంలో తాంబూలాలు లేవని మీ అక్కగారికి ఇవాళే ఫోన్ చేయండి. జాతకాలనో, పరీక్షలనో వంక పెట్టొద్దు. మీ ఆవిడ చేత చెప్పించొద్దు. పిల్లకు జబ్బు చేసిందని, ఆరోజు మీరన్న మాట తప్పని, నేను నవ్వడం అంతకన్నా తప్పని మీ నోటితోనే చెప్పండి. పిల్లకు వినపడేలా హాల్లో కూర్చుని చెప్పండి.