చైనీస్ క్యాంపు ఫీజుకు 401కె అప్పా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. నాది హెచ్1బి, ఇంట్లో ఒక్క జీతమే. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి టెన్త్ గ్రేడ్‌లో ఉంది, రెండేళ్లుగా చైనీస్ చదువుతోంది. సమ్మర్‌లో వేరే రాష్ట్రంలో నాలుగు వారాల రెసిడెన్షియల్ చైనీస్ ప్రోగ్రామ్‌లో సీటొచ్చింది. ప్రయాణంతో కలిపి 7,000 డాలర్లు. 500 డిపాజిట్ కట్టేశాం. బ్యాంకులో 7,500 ఉన్నాయి. నెల ఖర్చు 5,200 పోను 400 మిగులుతుంది. ఖర్చుల్లోనే హైదరాబాద్ ప్లాటు లోన్ ఈఎంఐ, అదిగాక త్వరగా తీరుతుందని నెలకు అదనంగా కడుతున్న 40,000 రూపాయలూ ఉన్నాయి. మిగతా 6,500ను 0 శాతం క్రెడిట్ కార్డు మీద పెట్టాలా, కంపెనీ ద్వారా ఉన్న 401కె రిటైర్మెంట్ ఖాతా నుంచి లోన్ తీసుకోవాలా?

జవాబు: రెండూ వద్దు. ఏ అప్పు నయం అని అడిగారు గానీ, ఉద్యోగం పోతే ఎన్నాళ్లు నెట్టుకొస్తామన్న లెక్క మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇలాంటి ప్రశ్నలు పంపేవాళ్లలో చాలామందిది ఇదే తీరు కాబట్టే కాస్త గట్టిగా చెబుతున్నాను.

మీ 7,500ను నెల ఖర్చుతో భాగించండి: 43 రోజులు. హెచ్1బి ఉద్యోగం పోతే కొత్త కంపెనీ పిటిషన్ వేయడానికో, స్టేటస్ మార్చుకోవడానికో, దేశం వదలడానికో మీకుండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. అంటే గడువు ఇంకా రెండు వారాలకు పైగా ఉండగానే మీ బ్యాంకు ఖాతా సున్నా అవుతుంది. ఆ రోజుల్లోనే అద్దె కట్టాలి, లాయర్‌కు ఇవ్వాలి, అవసరమైతే కుటుంబం మొత్తానికీ టికెట్లు కొనాలి. ఉద్యోగం పోయినా పాత కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్‌నే ఉంచుకోనిచ్చే కోబ్రా చట్టం కింద కొనసాగిస్తే ఇన్నాళ్లూ కంపెనీ భరించిన వాటా కూడా మీ నెత్తినే పడుతుంది, ప్రీమియంలో 102 శాతం దాకా వసూలు చేయొచ్చు. అందుకే ఒక్క జీతం, హెచ్1బి ఉన్న ఇంటికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలంటాను. మీకైతే 31,200.

ఇప్పుడు 401కె సంగతి. మన డబ్బు మనమే తీసుకుంటున్నాం, వడ్డీ కూడా మనకే వస్తుంది అని ఆఫీసులో ఎవరో చెప్పే ఉంటారు. ఉద్యోగం ఉన్నంతకాలం ఆ మాట సగం నిజం. ఉద్యోగం పోయాక కంపెనీ ప్లాన్ బాకీని మీ ఖాతాలోంచి తీసేస్తే, ఆ ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోగా అంత సొమ్మునూ ఐఆర్ఏ అనే సొంత రిటైర్మెంట్ ఖాతాలో వేసుకోవాలి. లేకపోతే అది మీ ఆదాయమే. 22 శాతం శ్లాబులో ఉంటే 6,500 మీద 1,430 పన్ను, రిటైర్మెంట్ సొమ్ము తీసే వయసు నిండలేదు కాబట్టి మరో 10 శాతం పెనాల్టీ కింద 650. మొత్తం 2,080. జీతం ఆగిపోయిన ఏడాదే ఈ బిల్లు వస్తుంది.

క్రెడిట్ కార్డు 0 శాతం 12 నెలలకే అనుకుందాం. నెలకు 400 చొప్పున కడితే 4,800 తీరి 1,700 మిగులుతుంది. అక్కణ్నుంచి 24 శాతం వడ్డీ పడితే మొదటి నెలే 34 డాలర్లు. పైగా ఆ ఏడాదంతా అత్యవసర నిధికి ఒక్క డాలరూ చేరదు. మధ్యలో కారు ట్రాన్స్‌మిషన్ పోయిందంటే అదీ ఆ కార్డు మీదకే ఎక్కుతుంది. క్యాంపు కోసం అప్పా! ఎన్నిసార్లు విన్నా నాకు మింగుడుపడదు.

పిల్లల సంరక్షణ ఖర్చుకు జీతంలోంచి పన్ను లేకుండా పక్కన పెట్టే డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ ఖాతా వాడదామని అనుకోకండి, అది 13 ఏళ్లలోపు పిల్లలకే, రాత్రి బస ఉండే క్యాంపులకు అసలే చెల్లదు. హైస్కూల్ పిల్లల వసతి, భోజనం ఖర్చుకు చదువుల కోసం దాచే 529 ఖాతా నుంచి తీసినా లాభం మీద పన్నూ, 10 శాతం పెనాల్టీ తప్పవు.

ఆ 500 పోతుందన్న బెంగతో 6,500 అప్పు చేయకండి. ముందు రీఫండ్ తేదీలు చూడండి. డిపాజిట్‌ను వచ్చే సమ్మర్‌కు మార్చగలరా, ఫీజులో సాయం ఏమైనా మిగిలి ఉందా అని ఈమెయిల్‌లోనే అడగండి, ఫోన్‌లో వద్దు. వచ్చే ఏడాదికైతే చలికాలంలోనే అప్లై చేయాలి, సాయం సొమ్ము సాధారణంగా ముందొచ్చినవాళ్లతోనే అయిపోతుంది. మీ అమ్మాయి అమెరికన్ సిటిజన్ కాబట్టి స్టేట్ డిపార్ట్‌మెంట్ వారి ఎన్ఎస్ఎల్ఐ-వై స్కాలర్‌షిప్ ప్రకటన కోసం కూడా చూస్తుండండి. 15 నుంచి 18 ఏళ్లవాళ్లకు విదేశంలో భాష నేర్పిస్తారు, ఖర్చులో చాలా భాగం వాళ్లదే. పోటీ మాత్రం గట్టిగా ఉంటుంది.

ఎప్పుడు పంపినా ఒకటి చూసుకోండి: మీ హెల్త్ ఇన్సూరెన్స్ తన నెట్‌వర్క్ డాక్టర్ల దగ్గరే చెల్లే హెచ్ఎంఓ ప్లాన్ అయితే వేరే రాష్ట్రంలో సాధారణంగా ఎమర్జెన్సీకే కవరేజీ ఉంటుంది. చెవి నొప్పికి డాక్టర్ దగ్గరకెళ్లినా బిల్లు మీదే కావచ్చు.

ఇక ఈ నెల నుంచే ప్లాటుకు కట్టే ఆ అదనపు 40,000 ఆపండి, ఈఎంఐ మాత్రం కట్టండి. లోన్ ఏడాది ఆలస్యంగా తీరితే ప్లాటు ఎక్కడికీ పోదు. ఆ 400 పైచిలుకు డాలర్లూ, మిగులుతున్న 400తో కలిపి నెలకు 800 వేరే సేవింగ్స్ ఖాతాలోకి జీతం రోజే ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. ఏడాదికి 9,600, ఉన్నదాంతో కలిపి 17,100. అంటే మూడు నెలల ఖర్చుకు పైనే. అప్పుడు క్యాంపు మాట మళ్లీ ఎత్తండి, అమ్మాయి అప్పటికి లెవెన్త్ గ్రేడే పూర్తి చేసి ఉంటుంది.

లైఫ్ ఇన్సూరెన్స్ గురించి మీరు రాయలేదు. కంపెనీ ఇచ్చినదొక్కటే ఉంటే, 20 ఏళ్ల టర్మ్ పాలసీకి ఈ వారమే అప్లై చేయండి.