‘ఇచ్చి ఉంది’ అన్న మాట గురించి, బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

బుజ్జీ,

నువ్వు ఓఈటీ, అదే ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష, రాసి బ్రిటన్‌లో నర్సుగా చేరాలనుకుంటున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. నా తర్వాత మన ఇంట్లో తెల్లకోటు వేసుకున్నది నువ్వే, ఆ సంతోషం ఒకవైపు. అంత దూరంలో, చలిలో, రాత్రి డ్యూటీలో ఒక్కదానివే ఉంటావన్న బెంగ ఇంకోవైపు. “ప్రెజెంట్ టెన్స్ దగ్గర తడబడుతోందక్కా, అంతే, మిగతావన్నీ బాగానే ఉన్నాయి” అంది మీ అమ్మ. ఆ “అంతే” విన్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

తేలికవి ముందు చెప్పేస్తాను. రోజూ జరిగేదానికి సింపుల్ ప్రెజెంట్, ఈ నిమిషంలో జరుగుతున్నదానికి కంటిన్యువస్. హీ, షీ, ఇట్ వస్తే క్రియకి ఎస్ తగిలించాలి. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది అని మనిషి మారినప్పుడల్లా క్రియ మార్చుకునే నోరు మనది. ఒక్క ఎస్ బరువైపోయిందా నీకు? దాన్ని మర్చిపోతే మాత్రం నేను ఊరుకోను.

అసలు చిక్కు మన తెలుగులోంచే వస్తుంది. “ఇప్పుడు రాస్తున్నాను” అన్నా, “ఆరేళ్లుగా పనిచేస్తున్నాను” అన్నా మనకి అదే ‘తున్నాను’. అందుకే మనవాళ్లు ఇంటర్వ్యూలో “ఐ యామ్ వర్కింగ్ సిన్స్ సిక్స్ ఇయర్స్” అనేస్తారు. ఎప్పుడో మొదలై ఇప్పటిదాకా సాగుతున్న పనికి ఇంగ్లీషులో వేరే రూపం ఉంది: “ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఫర్ సిక్స్ ఇయర్స్”. గడిచిన కాలం చెబితే ఫర్, మొదలైన రోజో ఏడాదో చెబితే సిన్స్. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం 2002 నుంచి ఉంది కదా, అక్కడ సిన్స్ 2002. చిన్నప్పుడు దాని లోపల ఇరుకు చూసి భయపడి నా చీర కుచ్చిళ్లు పట్టుకుని ఏడ్చావు, గుర్తుందా?

ఇంకొకటి. “ఐ యామ్ హ్యావింగ్ ఫీవర్”, “ఐ యామ్ నోయింగ్” అనకు. జ్వరం ఉండడం, తెలిసి ఉండడం పనులు కావు, స్థితులు. ఐ హ్యావ్, ఐ నో అంటే చాలు.

ఇప్పుడు నేను మీ అమ్మకి కూడా చెప్పని సంగతి.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఏ ఆసుపత్రో ఇప్పుడు అనవసరం. రాత్రి డ్యూటీ దిగే వేళ, ఏడున్నరకి, భీమిలి నుంచి వచ్చిన ఒక పెద్దాయనకి ఇన్సులిన్ చేశాను. బస్సు తప్పిపోతుందన్న టెన్షన్‌లో చార్టులో సంతకం పెట్టడం మరిచాను. రిపోర్టు పుస్తకంలో మాత్రం ఒక వాక్యం రాశాను: “ఇన్సులిన్ ఈజ్ గివెన్ బిఫోర్ బ్రేక్‌ఫాస్ట్”. నా మనసులో ఉన్న తెలుగు “ఇన్సులిన్ ఇచ్చి ఉంది” అని. ‘ఉంది’కి ఈజ్, ‘ఇచ్చి’కి గివెన్. నా లెక్క సరిపోయిందనుకున్నాను.

పగటి డ్యూటీకి వచ్చిన సిస్టర్‌ది కేరళ. ఆమెకి తెలుగు రాదు. మా ఇద్దరి మధ్యా ఉన్నది ఆ పుస్తకంలో ఇంగ్లీషే. ఈజ్ గివెన్ అంటే రోజూ టిఫిన్‌కి ముందు ఇస్తారు అని. ఆ మాటకి అర్థం అదే, ఆమె తప్పు లేదు. చార్టు చూసింది, సంతకం లేదు. ఇవ్వాల్సింది ఇంకా ఇవ్వలేదనుకుని మళ్లీ చేసింది.

బస్సు తప్పిపోయి గంటసేపుగా స్టాపులోనే ఉన్నాను, వార్డుబాయ్ పరుగెత్తుకొచ్చాడు. వెళ్లేసరికి పెద్దాయన చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. మంచం కమ్మీ పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. పక్కన పళ్లెంలో ఒక ఇడ్లీ, సగం తుంచి అలాగే ఉంది. భార్య నా మొహం చూసి “ఏటైందమ్మా ఈయనకి?” అంది. నా నోరు పెగల్లేదు. రెండు డోసులతో షుగరు పడిపోయిందని డాక్టరు వచ్చి 25 శాతం డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్, నరంలోకి ఎక్కించారు. కాసేపటికి ఆయన కళ్లు తెరిచి, ఆ మిగిలిన ఇడ్లీ అడిగాడు. నేను బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను. ఆవిడకి నిజం చెప్పింది వార్డు సిస్టరే, నేను కాదు. అది నన్ను ఇప్పటికీ తొలుస్తూనే ఉంది.

నేను రాయాల్సింది “హ్యాస్ బీన్ గివెన్”. టైము కూడా వేస్తే “వాజ్ గివెన్ ఎట్ 7.30”. పని అయిపోయింది, దాని ఫలితం ఇప్పటికీ ఉంది అని చెప్పేదే ప్రెజెంట్ పర్ఫెక్ట్. గడిచిపోయిన టైమో తేదీయో వచ్చిందంటే అది అక్కడ ఇమడదు, పాస్ట్‌లోకి పోతుంది. హుద్‌హుద్ తుఫానుని చూశానని ఊరికే చెబితే “ఐ హ్యావ్ సీన్”. 2014 అక్టోబరులో అన్నావంటే “ఐ సా” అయిపోవాలి.

ఓఈటీ రైటింగులో నువ్వు చేసేదీ ఇదే. ముక్కలు ముక్కలుగా కేసు నోట్సు ఇస్తారు, వాటితో ఒక ఉత్తరం రాయాలి, మొత్తం 45 నిమిషాలు, అందులో మొదటి 5 చదవడానికే. “షుగరు, 2015” అని ఉంటే ఆ ఏడాది బయటపడింది అనడానికి వాజ్ డయగ్నోజ్డ్, అప్పటినుంచి ఉంది అనడానికి హ్యాస్ హ్యాడ్, రోజూ మందు వేసుకుంటాడు అనడానికి టేక్స్. ఒకే మనిషి, ఒకే జబ్బు, మూడు కాలాలు. రాసేముందు ప్రతి క్రియ దగ్గరా ఆగి అడుగు: అయిందా, అవుతోందా, రోజూ అయ్యేదా?

అనుమానం వస్తే అక్కడివాళ్లని అడుగు తల్లీ. నవ్వుతారేమోనని ఊరుకోకు. నేను ఆ రోజు అడగలేదు.

ఆదివారం పొద్దున్నే నోట్సు పట్టుకుని రా. గడియారం నా ముందు పెట్టుకుని కూర్చుంటాను. ఉత్తరం పూర్తయ్యాకే టిఫిను. నీకిష్టమని పెసరట్టుకి పప్పు నానబోస్తాను.

మీ పెద్దమ్మ