మోడరేటర్‌గా నిలబడబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద ప్రశ్నలు, జవాబులు రాసుకునే ఆస్క్ ఉబుంటు సైటులో మోడరేటర్ ఎన్నికకు, అంటే సైటు క్రమశిక్షణ చూసే సభ్యుడిగా ఎన్నికవడానికి, నిలబడాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నిలబడు. అయితే నామినేషన్ వెయ్యడానికి ముందు ఒక ఆర్నెల్లు, ఏ హోదా లేకుండానే ఆ పని చేసి చూడు. అక్కడ మన రాతలకు ఇతరులు వేసే ఓట్లతో వచ్చే పాయింట్లు పెరిగేకొద్దీ అధికారం చేతికొస్తుంది. 15 ఉంటే ఫ్లాగ్ వెయ్యొచ్చు (ఈ పోస్టు చూడండని ఫిర్యాదు పెట్టడం), 2000కి ఎవరి ఆమోదమూ లేకుండా ఇతరుల రాతలు దిద్దొచ్చు, 3000కి ప్రశ్న మూయడానికి, అంటే దానికి కొత్త జవాబులు రాకుండా ఆపడానికి, ఓటెయ్యొచ్చు. సభ్యుడిగా వేసే మూత ఓటు కొన్ని ఓట్లలో ఒకటి మాత్రమే. మోడరేటర్ ఓటు ఒక్కటి పడితే ప్రశ్న అక్కడికక్కడే మూతపడుతుంది. అందుకే సందేహం ఉన్నచోట చెయ్యి వెనక్కి తీసుకుని, సభ్యులకే వదిలెయ్యి.

జవాబు తప్పా ఒప్పా అని తేల్చడం మోడరేటర్ పని కాదు. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఏదైనా ఇన్‌స్టాల్ చేస్తుంటే డీపీకేజీ లాక్ (ఉబుంటులో ప్యాకేజీలు పెట్టే ప్రోగ్రాము ఒకేసారి ఇద్దరి చేతిలో పడకుండా వేసే తాళం) దొరకలేదంటూ వచ్చే ఎర్రర్ నీకు తెలిసిందే. కింద ఎవరో ఒకరు ‘లాక్ ఫైల్ డిలీట్ చేసెయ్’ అని రాస్తారు. వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తుండగా ఆ పని చేస్తే, రెండు ప్రోగ్రాములు ఒకే డేటాబేస్ మీద పడి ప్యాకేజీలు సగంలో ఆగిపోవచ్చు. అది చెడ్డ సలహానే. అయినా మోడరేటర్ అధికారంతో తొలగించకు. మామూలు సభ్యుడిలా డౌన్‌వోట్ వెయ్యి. లాక్ ఏ ప్రాసెస్ చేతిలో ఉందో ముందు చూడమని, అది ముగిసేదాకా ఆగమని కింద కామెంట్ రాయి. చదివేవాళ్లకు తప్పూ, అది ఎందుకు తప్పో రెండూ కనబడాలి. కావాలని డిస్క్ తుడిచేసే కమాండ్‌ని పరిష్కారమని అంటగట్టేవాడి సంగతి వేరు. అది దాడి, వెంటనే తీసెయ్. ‘నాకూ ఇదే సమస్య’ అని జవాబు పెట్టెలో రాసినవీ తీసెయ్యాల్సినవే. రాసినవాళ్లకు ఎందుకు తీశావో ఒక్క వాక్యంలో చెప్పు.

మన ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు వచ్చీరాని ఇంగ్లీషులో, ‘అర్జెంట్ సార్’ అంటూ ప్రశ్న పెడతారు. వాళ్ల భాష చూసి ప్రశ్న మూసేస్తే నాకు నిజంగా బాధేస్తుంది. శీర్షిక దిద్దు. ఏ వెర్షనో అడుగు. ఎర్రర్‌ని ఫోన్‌తో ఫోటో తీసి కాకుండా అక్షరాలుగా అతికించమను, లేకపోతే అదే ఎర్రర్ కోసం వెతికేవాళ్లకు ఆ ప్రశ్న దొరకదు. వెర్షన్ అడగడానికీ కారణముంది. ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే) వెర్షన్లకు మామూలు సపోర్ట్ ఐదేళ్లు, మిగతావాటికి తొమ్మిది నెలలే. గడువు తీరిన వెర్షన్ల ప్రశ్నలు అక్కడ తీసుకోరు. మూసేముందు అప్‌గ్రేడ్ దారి చూపించు.

లాగ్ ఫైళ్లు (కంప్యూటర్ రాసుకునే పని చిట్టాలు) అతికించేటప్పుడు ఒక్కోసారి వైఫై పాస్‌వర్డ్ కూడా అందులో పడిపోతుంది. దాన్ని దిద్ది చెరిపేస్తే చాలదు, పాత ప్రతి మార్పుల చరిత్రలో అలాగే ఉంటుంది. చరిత్రలోంచి కూడా తీసేయించాలి, పాస్‌వర్డ్ మార్చుకోమని ఆ మనిషికీ చెప్పాలి.

ప్రింటర్‌కో యాంటీవైరస్‌కో కస్టమర్ కేర్ అంటూ ఫోన్ నంబర్ పెట్టే పోస్టుల్ని చూసీ చూడనట్టు వదలకు. ఆ నంబర్‌కి ఫోన్ చేసినవాళ్లతో రిమోట్ యాప్ పెట్టించి బ్యాంకు ఖాతా ఖాళీ చేసే ముఠాలున్నాయి. ఉత్తినే డిలీట్ చెయ్యకుండా స్పామ్ అని ఫ్లాగ్ వేసి తీసెయ్, సైటులో స్పామ్‌ని పట్టే వడపోతకి ఆ ఆనవాలు అందుతుంది. మనవాళ్లెవరైనా అప్పటికే డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమను.

మోడరేటర్‌వయ్యాక సభ్యుల ఈమెయిల్, ఐపీ అడ్రస్ (వాళ్ల ఇంటర్నెట్ కనెక్షన్ నంబర్) నీకు కనబడతాయి. వాటిని ఎవరికీ చెప్పనని ఒప్పందం ఉంటుంది, ఇంట్లో మాటవరసకి కూడా అనకు. ఐపీ ఒకటే కదా అని రెండు ఖాతాల్నీ ఒకే మనిషివిగా లెక్కకట్టకు. హాస్టల్ వైఫై వెనకా, మొబైల్ డేటా వెనకా ఎందరో ఒకే బయటి ఐపీతో కనబడతారు. ఓట్లు ఎటు పడుతున్నాయి, రాత తీరు ఎలా ఉంది, ఏ వేళకి వస్తున్నారు, ఇవన్నీ కలిసొస్తేనే తోటి మోడరేటర్లతో మాట్లాడి కదులు. సస్పెండ్ చెయ్యాల్సి వస్తే మొదటిసారికి సాధారణంగా ఏడు రోజులు. ఏ పోస్టులో ఏ మాట కోసమో లింకులతో సహా ఆ సభ్యుడికి ఉత్తరం రాయి. నీతో గొడవపడ్డ మనిషైతే ఆ ఉత్తరం వేరే మోడరేటర్ చేత రాయించు.

ఎన్నికలో ప్రశ్నలు కూడా అడుగుతారు. రెండింటికి ఇప్పుడే జవాబు ఆలోచించుకో: మంచి జవాబులు రాస్తూనే అందరితో తగాదా పెట్టుకునే సభ్యుణ్ని ఏం చేస్తావు? తోటి మోడరేటర్ మూసిన ప్రశ్న తెరవాలని నీకనిపిస్తే ఏం చేస్తావు? రెండోదానికి ‘తెరిచేస్తాను’ అని రాశావంటే నేనైతే ఓటెయ్యను. ముందు మూసినవాళ్లని అడగాలి. రాసింది నాకు పంపు, చూసి చెబుతాను.

మీ మామయ్య