లండన్‌లో హోటల్: రేటు చూశారు సరే, స్టేషన్ చూశారా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం లండన్ హోటళ్ల గురించే. అందుకని మిగతా ఊళ్లను వచ్చే సంచికకి వాయిదా వేసి, ఈ పేజీలు మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మేం నలుగురం. నేను, మా ఆయన, పన్నెండేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు. జూన్‌లో ఆరు రాత్రులు లండన్‌లో ఉంటాం. ఊరి మధ్యలో చిన్న గదికి అడుగుతున్న డబ్బులో సగానికే హీత్రూ ఎయిర్‌పోర్టు దగ్గర పెద్ద హోటల్ దొరుకుతోంది. దిగగానే గదికి వెళ్లిపోవచ్చు కూడా. అదే తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. దిగే రోజు, ఎక్కే రోజు తప్ప మధ్యలో మీకు ఎయిర్‌పోర్టుతో పనేముంది? లండన్ రవాణాలో ఊరి నడిబొడ్డు జోన్ 1, అక్కణ్నుంచి ఉల్లిపొరల్లా 2, 3 అంటూ బయటికి పోతుంది, హీత్రూ ఉన్నది జోన్ 6లో. అక్కడి నుంచి ఊరి మధ్యకు ట్యూబ్‌లో, అంటే అక్కడి మెట్రోలో, ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఆ హోటళ్లు చాలావరకు స్టేషన్‌కి ఆనుకుని ఉండవు కాబట్టి బస్సు ఎక్కి దిగే టైమ్ కూడా కలపండి. రానూపోనూ రోజుకి రెండున్నర గంటలు అనుకుంటే, ఐదు రోజులకి పన్నెండు గంటల పైనే. అంటే సెలవుల్లో ఒక పగలు మొత్తం రైల్లో కూర్చోవడానికి టికెట్ కొనుక్కున్నట్టు.

ఇంకోటుంది, ఇది పిల్లలతో వెళ్లినవాళ్లకే తెలుస్తుంది. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దు గుంకదు. ఆ వెలుతురంతా వాడుకోవాలంటే మధ్యాహ్నం గదికి వెళ్లి కాసేపు నడుం వాల్చి, సాయంత్రం మళ్లీ బయటపడాలి. గది హీత్రూలో ఉంటే ఒకసారి బయల్దేరాక ఇక రాత్రికే తిరిగి రావడం, ఈలోపు మీ బాబు ఏ మ్యూజియం బెంచీ మీదో నిద్రపోతాడు, వాణ్ని ఎత్తుకునేది ఎవరో మీకూ తెలుసు.

అలాగని నడిబొడ్డున అడిగినంతా ఇచ్చెయ్యమనను. నేనైతే హోటళ్ల సైటు తెరిచేముందు ట్యూబ్ మ్యాప్ తెరుస్తాను. 2022 మేలో ఎలిజబెత్ లైన్ అనే కొత్త రైలు మార్గం మొదలయ్యాక లెక్కలు మారిపోయాయి. వైట్‌చాపెల్, కెనరీ వార్ఫ్, స్ట్రాట్‌ఫర్డ్ లాంటి తూర్పు పేటల నుంచి షాపింగ్, థియేటర్లు ఉండే టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌కి పదిహేను నిమిషాల లోపే. వైట్‌చాపెల్, కెనరీ వార్ఫ్ నుంచైతే హీత్రూకి కూడా అదే లైనులో, రైలు మారకుండా వెళ్లొచ్చు. పెట్టెలతో రైలు మారడం ఎంత తిప్పలో చెప్పక్కర్లేదు కదా. పడమటి వైపు ఇష్టమైతే ఎర్ల్స్ కోర్ట్ చూడండి. హీత్రూ నుంచి ట్యూబ్‌లోని పికడిల్లీ లైన్ నేరుగా అక్కడికే వస్తుంది, ఇంకో రెండు స్టేషన్లు దాటితే సౌత్ కెన్సింగ్టన్. నేచురల్ హిస్టరీ మ్యూజియం, సైన్స్ మ్యూజియం రెండూ అక్కడే, రెండిటికీ మామూలు ప్రవేశం ఉచితం. పిల్లలకి ఒక రోజు చాలదు.

హోటల్ నుంచి స్టేషన్‌కి నడక ఏడెనిమిది నిమిషాలు దాటకూడదన్నది నా నియమం. సైట్లలో "సెంట్రల్ లండన్‌కి దగ్గర" అన్న మాటని అసలు లెక్కలోకి తీసుకోవద్దు. అడ్రస్ మ్యాప్‌లో పెట్టి, మీరు చూడాలనుకున్న మూడు చోట్లకి ఎంతసేపు పడుతుందో, ఎన్నిసార్లు రైలు మారాలో చూసుకోండి.

గది విషయానికొస్తే, నలుగురికి ఒకే గది కావాలంటే ప్రీమియర్ ఇన్, ట్రావెలాడ్జ్ లాంటి చెయిన్లలో ఫ్యామిలీ రూమ్ వెతకండి, ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలకి సరిపోతుంది. చిన్న హోటళ్లు చాలావాటిలో నలుగురికంటే రెండు గదులు తీసుకోమంటారు, అప్పుడు "చవక" రెట్టింపవుతుంది. ప్రీమియర్ ఇన్‌లో పెద్దవాళ్లలో ఒకరు పూర్తి బ్రేక్‌ఫాస్ట్ కొంటే పదహారేళ్ల లోపు పిల్లలిద్దరికి ఉచితం, ఆరు పొద్దుల మీద అది చిన్న మొత్తం కాదు. సిటీ ఆఫ్ లండన్ (ఊరి మధ్యలో ఒక చిన్న పేట పేరే అది), కెనరీ వార్ఫ్ ఆఫీసుల పేటలు కాబట్టి అక్కడి హోటళ్లు సోమవారం నుంచి గురువారం దాకా మండిపోతాయి, శుక్ర, శని, ఆదివారాల్లో దిగుతాయి. మీరిద్దరే అయితే మధ్యలో హోటల్ మారమనేదాన్ని. పిల్లలతో మళ్లీ పెట్టెలు సర్దడం దేనికి?

టికెట్ల సంగతి కూడా హోటల్ లెక్కలోనే వేయండి. పదకొండేళ్ల లోపు పిల్లలకి, టికెట్ ఉన్న పెద్దవాళ్లతో వెళ్తే ట్యూబ్‌లో ఉచితం, కాబట్టి బాబుకి ఖర్చు లేదు. పాపకి ఓయిస్టర్ కార్డు, అంటే ముందే డబ్బు వేసుకునే ప్రయాణ కార్డు, కొని, స్టేషన్ సిబ్బందిని అడిగి యంగ్ విజిటర్ డిస్కౌంట్ వేయించండి, పద్నాలుగు రోజుల వరకు సగం చార్జీ. మీ ఇద్దరూ కాంటాక్ట్‌లెస్ కార్డు తాకిస్తే చాలు, కానీ ఎవరి కార్డు వాళ్లకుండాలి, లోపలికి ఏది తాకిస్తే బయటికీ అదే తాకించాలి. రోజులో ఎంత తిరిగినా మీరు తిరిగిన జోన్లని బట్టి ఒక హద్దు దాటి డబ్బు కోయరు. జోన్ 6 దాకా పోయేవాళ్లకి ఆ హద్దు ఎక్కువ, 1, 2 జోన్లలోనే తిరిగేవాళ్లకి తక్కువ. గది రేటు, బ్రేక్‌ఫాస్ట్, పెద్దవాళ్ల టికెట్లు, మూడూ కలిపి రోజుకి ఎంతో వేసుకుంటే హీత్రూ హోటల్ "సగం రేటు" ఎక్కడిదాకా నిలబడుతుందో మీకే కనిపిస్తుంది.

ప్రశ్న: ముగ్గురికి గది తీసుకుని నలుగురం సర్దుకుంటే ఎవరైనా పట్టించుకుంటారా? అందరం పెద్దవాళ్లమే.

జవాబు: పట్టించుకుంటారు. బ్రిటన్‌లో 1972 నాటి ఉత్తర్వు ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. పదహారేళ్లు నిండిన ప్రతి అతిథి పేరు, జాతీయత హోటల్ రాసుకోవాలి, మన దేశం లాంటి కామన్‌వెల్త్ దేశాలకి (ఎక్కువగా ఒకప్పటి బ్రిటిష్ పాలనలోవి), ఐర్లాండ్‌కి చెందని విదేశీయులైతే పాస్‌పోర్టు నంబరు, తర్వాత ఎక్కడికి వెళ్తున్నారో కూడా రాసుకుని, ఆ వివరాలు ఏడాదిపాటు ఉంచాలి. నాలుగో మనిషి దొంగచాటుగా లిఫ్ట్ ఎక్కడానికి అదేం పెళ్లివారి విడిది కాదు. అర్ధరాత్రి రిసెప్షన్ ముందు నిలబడి ఆ రోజు రేటుకి ఇంకో గది కొనుక్కునే టెన్షన్ కంటే, ముందే నలుగురని చెప్పడం చవక.

ప్రశ్న: అమ్మానాన్నలని తీసుకెళ్తున్నాను. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. పాడింగ్టన్ దగ్గర పాతకాలపు అందమైన బిల్డింగ్‌లో హోటల్ నచ్చింది, రేటూ బాగుంది. లిఫ్ట్ గురించి సైట్‌లో ఏమీ రాయలేదు.

జవాబు: రాయలేదంటే లేదనే అనుకోండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు సరిగ్గా ఇలాంటి ఇల్లే, ముందు తెల్ల స్తంభాలు, పూలకుండీలు చూసి పడిపోయాను. అమ్మకిచ్చిన గది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, మెట్లేమో పెట్టె అడ్డంగా పట్టుకుంటే మనిషి పట్టనంత ఇరుకు. బతిమాలితే నాకిచ్చిన "లోయర్ గ్రౌండ్" గదికి మార్చారు. ఆ పేరు విని నేల మీదనే అనుకున్నాం, తీరా చూస్తే నేలకింద గది. కిటికీ తెరిస్తే చెత్తడబ్బాలు, తలెత్తితే దారిన పోయేవాళ్ల బూట్లు. వారం రోజులు అమ్మ ఆ బూట్లు చూస్తూ కూర్చుంది. ఇప్పటికీ దెప్పుతుంది.

పాడింగ్టన్, బేస్‌వాటర్, బ్లూమ్స్‌బరీ, విక్టోరియా చుట్టుపక్కల చవక హోటళ్లు చాలావరకు ఒకప్పటి ఇళ్లు. వాటికి లిఫ్ట్ పెట్టే చోటే ఉండదు, ఉన్నా అన్ని అంతస్తులకీ వెళ్లదు, వాకిట్లోనే నాలుగైదు మెట్లుంటాయి. కాబట్టి హోటల్‌కి మెయిల్ రాసి మూడు విషయాలు అడగండి: వీధిలోంచి గది దాకా మెట్లెన్ని, లిఫ్ట్ మా అంతస్తుకి వస్తుందా, స్నానానికి షవర్ విడిగా ఉందా లేక టబ్‌లోకి కాలెత్తి దిగాలా. ఈ మూడోది ఎవరూ అడగరు, పెద్దవాళ్లు జారిపడేది మాత్రం అక్కడే. జవాబు రాతలో వచ్చాకే డబ్బు కట్టండి. రూపం లేకపోయినా కొత్తగా కట్టిన చెయిన్ హోటల్ మీ అమ్మానాన్నలకి సుఖం.

స్టేషన్ల సంగతీ అంతే. ట్యూబ్ స్టేషన్లలో మెట్లు ఎక్కకుండా వెళ్లగలిగేవి మూడింట ఒక వంతే. కోవెంట్ గార్డెన్‌లో లిఫ్ట్ వద్దనుకుంటే 193 మెట్లు. ఎలిజబెత్ లైన్ స్టేషన్లన్నిట్లో వీధి నుంచి ప్లాట్‌ఫాం దాకా మెట్లు లేకుండా వెళ్లొచ్చు, బస్సులన్నిటికీ ర్యాంప్ ఉంటుంది. మీ విషయంలో మాత్రం నా నియమం మార్చుకుంటున్నాను, స్టేషన్ కంటే హోటల్ ముందు బస్టాప్ ఉందో లేదో చూడండి. బస్సు నెమ్మదే, కానీ కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది. గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒకటే చార్జీ.

వేసవిలో అయితే ఏసీ ఉందో లేదో కూడా అడగండి. లండన్‌లో ఏసీ ఎందుకు అని నవ్వకండి, 2022 జులై 19న హీత్రూలో 40.2 డిగ్రీలు వచ్చింది. చలి కోసం కట్టిన ఆ పాత ఇళ్లలో వేడి లోపలికొస్తే బయటికి పోదు.

ప్రశ్న: కొత్తగా పెళ్లయింది. లండన్ నడిబొడ్డున సోహోకి దగ్గర్లో తొమ్మిది చదరపు మీటర్ల డబుల్ రూమ్, కిటికీ లేదు, చాలా చవక. నాలుగు రాత్రులు ఉండగలమా?

జవాబు: తొమ్మిది చదరపు మీటర్లంటే సుమారు 97 చదరపు అడుగులు, బాత్రూమ్ కూడా అందులోనే. మంచం పోగా మీ రెండు పెట్టెలూ ఒకేసారి తెరవలేరు. మంచం కొలత చూశారా? బ్రిటన్‌లో డబుల్ అంటే వెడల్పు 135 సెంటీమీటర్లు, "స్మాల్ డబుల్" అని ఉంటే 120, కింగ్ అంటే 150. మన ఇళ్లలో కింగ్ అనేది దానికంటే బాగా పెద్దది. కొత్త దంపతులు కాబట్టి ఇరుకు గురించి నేనేం మాట్లాడను గానీ, కిటికీ లేకపోవడం వేరే విషయం. టైమ్ తేడా వల్ల మొదటి రెండు రోజులు తెల్లవారుజామునే మెలకువ వస్తుంది, బయట తెల్లారిందో లేదో తెలియని చీకట్లో అలా పడి ఉండడం చిరాకు. రెండు రాత్రులైతే సరే. నాలుగంటే మాత్రం కొంచెం ఎక్కువైనా కిటికీ ఉన్న గది తీసుకోండి. ఒక పెద్ద పెట్టె, ఒక చిన్న బ్యాగు, అంతకుమించి తేకండి.

ప్రశ్న: వీసా ఇంకా రాలేదు. నాన్ రిఫండబుల్ రేటు తక్కువగా ఉంది, ఇప్పుడే కట్టేస్తే మంచిదా? తర్వాత టాక్సులంటూ ఇంకా అడుగుతారా?

జవాబు: వీసా చేతికొచ్చేదాకా ప్రయాణానికి, బసకి డబ్బు కట్టొద్దని బ్రిటన్ ప్రభుత్వమే సలహా ఇస్తోంది. ఎక్కడ ఉంటారో అప్లికేషన్‌లో చెప్పడానికి, ఉచితంగా రద్దు చేసుకోగలిగే బుకింగ్ చాలు. ఆ రద్దు గడువు ఏ తేదీ, ఎన్నింటికి, ఏ దేశపు టైమ్ ప్రకారమో ఫోన్‌లో అలారం పెట్టుకోండి. నేను వీసా వచ్చాక కూడా అదే రకం బుకింగ్ ఉంచుకుని, వారానికోసారి రేటు చూస్తాను. తగ్గితే కొత్తది తీసుకుని, పాతది ఆ తర్వాత రద్దు చేస్తాను. ఈ వరస తారుమారు చేసి ఒకసారి రెండూ పోగొట్టుకున్నాను.

టాక్సుల భయం అక్కడ తక్కువే. 20 శాతం వ్యాట్ కలిపే రేటు చూపించాలి. తప్పనిసరి ఫీజులు చివర్లో బయటపెట్టడాన్ని కూడా 2025 ఏప్రిల్ 6 నుంచి చట్టం నిషేధించింది. డబ్బు జారిపోయేది కార్డు దగ్గర. మెషీన్ "రూపాయల్లో కడతారా, పౌండ్లలోనా" అని మర్యాదగా అడుగుతుంది. పౌండ్లే నొక్కండి. రూపాయలంటే వాళ్లు వేసిందే మారకం రేటు.

ప్రశ్న: ఒక్కణ్నే వెళ్తున్నాను, ఆగస్టులో. హోటల్ రేట్లు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఎవరిదైనా ఫ్లాట్ అద్దెకి తీసుకోనా?

జవాబు: ఒక్కరికి మొత్తం ఫ్లాట్ గిట్టదు, క్లీనింగ్ ఫీజు ఒక్కరి మీదే పడుతుంది. పైగా లండన్‌లో ఇంటిని ఇలా రోజులకి ఇచ్చేవాళ్లు ప్రత్యేక అనుమతి లేకపోతే ఏడాదికి 90 రాత్రులు మించకూడదు, ఆ హద్దు దాటితే మీ బుకింగ్‌కి ఇబ్బంది రావచ్చు. మీకు ఆగస్టు కలిసొచ్చే నెల. అప్పుడు యూనివర్సిటీలకి సెలవులు, హాస్టల్ గదులు బయటివాళ్లకి అద్దెకిస్తారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ లాంటి వాటి హాస్టళ్లు చూడండి. సింగిల్ మంచం, చదువుకునే బల్ల, హోటల్ సోకులేమీ ఉండవు, కొన్ని గదులకి బాత్రూమ్ ఉమ్మడి, అది చూసి బుక్ చేసుకోండి. త్వరగా చూడండి, ఈ సంగతి తెలిసినవాళ్లు వేసవి రాకముందే తీసేసుకుంటారు.